సామాను వేరు, గీమాను వేరు: ఇరుకింటికి సొంత భాష తయారుచేసుకోవడం ఎలా

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం గోడకి మేకు కొట్టాలని మా ఆయన సుత్తి అడిగారు. అటక మీద ఉందని నేనన్నాను, మంచం కింద ఉందని మా అత్తగారు అన్నారు, సరే అని అటక మీదవన్నీ దింపి, మంచం కిందవన్నీ లాగి హాల్లో పోశాం. సుత్తి దొరకలేదు. మూత లేని మిక్సీ జారు, ఎప్పుడో అమ్మేసిన టీవీ తాలూకు రిమోటు, పెద్దాడి ఎల్‌కేజీ నాటి వాటర్ బాటిల్, ఎవరి పెళ్ళివో గుర్తులేని శుభలేఖల కట్ట, ఒంటికాలి చెప్పు ఒకటి దొరికాయి. "ఏంట్రా ఈ సామానూ గీమానూ అంతా ఇక్కడ పోశారు, మనుషులు ఎక్కడ కూర్చోవాలి?" అని అత్తగారు మా ఆయన మీద విసుక్కున్నారు. అప్పుడు ఒకటో క్లాసులో ఉన్న మా చిన్నది ఆ గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "నానమ్మా, ఇందులో సామాను ఏది, గీమాను ఏది?" అని చాలా సీరియస్‌గా అడిగింది.

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అది నిజంగా మంచి ప్రశ్న. మా ఆయన పచ్చడిబండతో మేకు కొట్టి కానిచ్చారు (అది ఇప్పటికీ వంకరే), ఆ గుట్టని మాత్రం ఆ రోజే రెండుగా విడదీశాం. వాడేది సామాను. వాడనిది, పారేయనిది, ఎందుకు ఉంచామో ఎవరూ చెప్పలేనిది గీమాను. అప్పటినుంచి ఇప్పటిదాకా మా ఇంట్లో ఇలాంటి మాటలు ముప్పై దాకా పోగయ్యాయి. మీ ఇంట్లో కూడా చేసుకోవచ్చు, ఖర్చు లేదు, చోటు కూడా అక్కర్లేదు. అసలు సమస్యే చోటు కదా.

మా సంగతి ముందు చెప్పేస్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్, ఐదుగురం. కాగితం మీద 850 చదరపు అడుగులు. ఆ లెక్కలో గోడల మందం, మెట్లు, లిఫ్టు ముందు చోటు అన్నీ ఉంటాయి, టేపు పెట్టి లోపల కాలు పెట్టగలిగినంత మేర కొలిస్తే 610 వచ్చింది. గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి 68 గజాలు, మనిషికి పదమూడున్నర. "అంటే మనిషికి రెండు చీరల చోటన్నమాట" అన్నారు మా అత్తగారు. పొడుగు గజాలు వేరు, చదరపు గజాలు వేరు అని మా ఆయన అడ్డం పడ్డారు కానీ, నాకైతే ఆవిడ లెక్కే కరెక్టనిపించింది.

ఈ మాటలు ఎందుకంటారా? "మళ్ళీ బట్టలు కుర్చీ మీద పడేశారా" అంటే గొడవ. "గిట్టలు పెరిగాయి" అంటే సమాచారం. రెండో మాటకి ఎవరూ రోషం తెచ్చుకోరు, కాసేపటికి ఎవరో ఒకరు లేచి మడతపెడతారు. (ప్రతిసారీ కాదు. నాలుగుసార్లకి ఒకసారి.)

గి పెట్టి విడగొట్టడం

అన్నిటికంటే తేలిక పద్ధతి ఇదే, మొదలు ఇక్కడే పెట్టండి. కాఫీ గీఫీ, పెన్ను గిన్ను, పెళ్ళి గిళ్ళి అని మనం రోజంతా అంటూనే ఉంటాం. మొదటి అక్షరం పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. ఆ రెండో ముక్కకి విడిగా అర్థం ఏమీ ఉండదు, మొదటిదాని తోకలా వస్తుంది, అంతే. మీరు చేయాల్సిందల్లా ఆ తోకని కోసి దానికి ఒక ఉద్యోగం ఇవ్వడం.

బట్టలు గిట్టలు తీసుకోండి. బట్టలంటే బీరువాలో ఉన్నవి. గిట్టలంటే ఒకసారి వేసుకుని విడిచినవి: ఉతకడానికి వెయ్యాలంటే మనసొప్పదు, బీరువాలో పెట్టాలంటే చేతులు రావు. అత్తగారి భాషలో మడీ కాదు, మైలా కాదు. వీటి నివాసం ఎప్పుడూ కుర్చీయే. మా బెడ్‌రూమ్‌లో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దాని రంగు మెరూన్ అని నేను, ఆకుపచ్చ అని మా ఆయన ఒక సంక్రాంతికి పందెం వేసుకుని తీసి చూస్తే నీలం. నాలుగు కాళ్ళ కుర్చీకి గిట్టలు అతికినట్టు సరిపోయాయి, ఇలాంటి అదృష్టం ప్రతి మాటకీ పట్టదు.

గివరు అంటే కవర్లన్నీ ఉండే పెద్ద కవరు. వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది, ప్రతి ఇంట్లో ఉంటుంది, మా ఇంట్లో లేదు అనేవాళ్ళు తలుపు వెనక చూసుకోలేదని అర్థం. బీసెంట్ రోడ్డు చీరల షాపుల దళసరి కవర్లు విడిగా మడతల్లో ఉంటాయి, వాటికి హోదా వేరు. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కదా, మా గివరులో అడుగున అంతకు ముందు కాలానివి ఇంకా ఉన్నాయి. తవ్వుతూ పోతే పొర పొరకీ ఒక్కో కాలం, పురావస్తు శాఖ వాళ్ళకి చూపించాలి.

ఇక వైర్లు గీర్లు. గీర్లంటే ఏ ఫోనుకీ పట్టని ఛార్జర్లు, ఏ టీవీవో తెలియని కేబుళ్ళు. ఎందుకూ పనికిరావు, పారేద్దామంటే "ఉండనీ, ఎప్పుడైనా అవసరం పడొచ్చు" అంటారు. ఏ పనీ చేయకుండా సొరుగంతా ఆక్రమించి కూర్చున్నదానికి గీర కాక ఇంకేముంటుంది.

ఒక చిక్కుంది. గి, గీ లతో మొదలయ్యే మాటలకి ఈ పద్ధతి పనిచేయదు. గిన్నెకి గి పెడితే గిన్నే వస్తుంది. గిలక, గీజరు, అన్నీ అంతే. అన్నట్టు గ్యాస్ సిలిండర్‌కి బండ అని మొదట ఎవరు పేరు పెట్టారో గానీ ఆ మనిషి ఈ విద్యకి గురువు. నిండు బండలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము బరువు అంతకంటే ఎక్కువ, మూడంతస్తులు మోసినవాడికే ఆ మాట తోస్తుంది. అలాంటి పదాలు ముందే ఉన్నచోట కొత్తవి చేయకండి. అలాగని "అగ్గిపెట్టె ఇల్లు" లాంటివి మాత్రం వాడొద్దు, అది ఊరందరిదీ అయిపోయింది, అరిగిపోయింది.

బడిలో చదివిన సంధికి పని

పదో తరగతిలో బట్టీ పట్టి పరీక్ష కాగానే మర్చిపోయిన సంధి ఒకటుంది. పగలు పగలు కలిస్తే పట్టపగలు, చివర చివర కలిస్తే చిట్టచివర, మొదట మొదట కలిస్తే మొట్టమొదట. మొదటి మాటలో మొదటి అక్షరం ఉంచి మిగతాది తీసేసి అక్కడ ట్ట పెట్టడమే. పండితులు దీన్ని కొన్ని మాటలకే ఒప్పుకుంటారు, మన ఇంట్లో మనమే పండితులం.

కవరులో కవరు, అందులో కవరు, అందులో రబ్బరు బ్యాండు వేసి చుట్టినది కట్టకవరు. ఎదురు ఎదురు కలిస్తే ఎట్టెదురు అవుతుంది కాబట్టి అటక అటక కలిస్తే అట్టటక: అటక మీద కూడా ఇంకా లోపలికి, కుర్చీ వేసుకుని నిలబడినా చెయ్యి అందని చోటు. మంచం కింద ఇంకో మడత మంచం ఉంటే మట్టమంచం. మూలకి కూడా చేద్దామని చూస్తే మూట్టమూల అని వచ్చింది, నోరు తిరగలేదు. పొట్టి చేసి ముట్టమూల అన్నాం. రెండు రోజులు పోయాక మా పెద్దాడు, "అమ్మా, ఎవరూ ముట్టని మూల కదా, కరెక్టే" అన్నాడు. ఆ అర్థం నేను అనుకోలేదు. మంచి మాటకి ఇదో గుర్తు, పెట్టినవాళ్ళకి తట్టనిది కూడా అందులో దొరుకుతుంది.

అందరికీ ఈ పద్ధతి నచ్చదు. మా ఆయనకి నచ్చలేదు, వ్యాకరణం అనగానే టీవీ సౌండు పెంచారు. ఆయనకి నచ్చింది మూడోది.

ఊరిని ఇంట్లోకి తెచ్చుకోవడం

అసలు బంగారం ఇక్కడుంది. మీ ఊరు ఏ విషయంలో పేరు పడిందో ఆ మాటలు తెచ్చి ఇంట్లో వాడాలి. గుంటూరు వాళ్ళయితే మిర్చియార్డు సీజన్ ఉంది, బ్రాడీపేట లైన్లూ అడ్డరోడ్లూ ఉన్నాయి: నాలుగో అర, ఏడో అడ్డం అని అటక మీద డబ్బాలకి అడ్రస్ ఇచ్చుకోవచ్చు. మాకు రైల్వే స్టేషనుంది.

విజయవాడ జంక్షన్‌లో పది ప్లాట్‌ఫాంలున్నాయి. అయినా ఊరు కనపడుతుండగా, ఇంటి నుంచి ఫోన్లు వస్తుండగా, రైలు ఔటర్లో ఆగి కదలకపోవడం ఈ దారిన ప్రయాణం చేసినవాళ్ళలో తెలియనివాళ్ళుండరు. పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది మధ్య మా బాత్రూమ్ ముందు కండువా భుజాన వేసుకుని నిలబడ్డ మనిషి ఔటర్లో ఉన్నట్టు. "ఎంతసేపు?" అని అడగరు, "సిగ్నల్ ఇవ్వండి" అంటారు. లోపలున్నవాళ్ళు నీళ్ళ చప్పుడు మధ్యలో "లైన్ క్లియర్ లేదు" అని అరుస్తారు.

మా ఫ్రిజ్ వంటింట్లో పట్టలేదు, వంటింటికీ హాలుకీ మధ్య నడవలో పెట్టాం. అది పెట్టాక మిగిలిన దారి రెండడుగుల నాలుగంగుళాలు. ఫ్రిజ్ తలుపు తీశామా, అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. ఇప్పుడు ఎవరైనా తలుపు తియ్యగానే "గేటు పడింది" అంటాం, పెరుగు గిన్నె బయటికి వచ్చి తలుపు మూసేదాకా రెండువైపులా జనం ఆగుతారు. ఇద్దరు ఎదురైతే ఒకరు వంటింట్లోకి తప్పుకోవాలి, అది లూప్ లైను. వేడి కాఫీ పట్టుకున్న మనిషి సూపర్‌ఫాస్ట్, దానికి ఎవరైనా దారివ్వాల్సిందే. ఉతికిన బట్టల బకెట్టు గూడ్సు, ఎంతసేపైనా ఆగుతుంది. ఈ మాటలు వచ్చాక ఆ నడవలో ఒకరినొకరు తోసుకోవడం తగ్గింది. నవ్వొస్తుంది గానీ నిజం, ఎవరు ఆగాలో పేరులోనే తేలిపోతోంది మరి.

రెండోది బ్యారేజీ. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, మా బీరువాకి రెండు. వానాకాలం పేపర్లలో రోజూ చదివే వార్తే: ఔట్‌ఫ్లో 3.97 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. మా ఇంట్లో బీరువా తలుపు సందులోంచి చీర కొంగు బయటికి కనిపిస్తే మొదటి హెచ్చరిక. మోకాలు ఆనించి తాళం వెయ్యాల్సి వస్తే రెండోది. తెరిచే ముందు "దిగువ ప్రాంతాల వాళ్ళు అప్రమత్తంగా ఉండాలి" అని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పైఅరలోంచి దుప్పటి జారితే దాని వెనక మిగతావన్నీ వస్తాయి.

ఈ మాట గురించి ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది, అదే సమయంలో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. సింగ్‌నగర్‌లో మా అన్నయ్య వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్. అటక మీద ఉన్నవి తప్ప ఇంట్లో ఏదీ మిగల్లేదు. ఫ్రిజ్ తేలిందట, వదిన పెళ్ళి పట్టుచీరలున్న బీరువా బోర్లాపడిందట. నలుగురూ మా ఇంటికి వచ్చేశారు, పదకొండు రోజులు ఉన్నారు. ఆ పదకొండు రోజులూ, ఆ తర్వాత చాలా రోజులూ మా ఇంట్లో గేట్లు, హెచ్చరికలు అన్న మాట ఎవరూ ఎత్తలేదు, అనుకుని మానలేదు, నోరు రాలేదు. మళ్ళీ సంక్రాంతికి వదిన వచ్చింది. అరిసెల డబ్బా తియ్యడానికి నేను బీరువా తాళం తిప్పుతుంటే మంచం మీద కూర్చున్న వదిన కాళ్ళు పైకి తీసుకుని, "దిగువ ప్రాంతం వాళ్ళం, కాస్త చెప్పి తియ్యి" అంది. అప్పుడు మళ్ళీ మొదలైంది. కాబట్టి జోకు ఎవరికి తగులుతుందో వాళ్ళు దాన్ని మళ్ళీ తెరిచేదాకా మూసి ఉంచండి.

జనాన్ని కొలవడానికి మా దగ్గర ఒక కొలత ఉంది, పుష్కరం. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగాయి, అందులో ఒక రాత్రి ఈ ఇంట్లో పద్నాలుగు మంది పడుకున్నారు. వంటింట్లో ఇద్దరు, బాల్కనీలో ఒకరు, మడత మంచం మీద మావయ్యగారు, ఆ మంచం కింద పెద్దాడు (నాలుగేళ్ళవాడు, వాడికదే నచ్చింది). అంతకంటే ఈ ఇల్లు పట్టదు, కాబట్టి పద్నాలుగు మంది ఒక పుష్కరం. ఏడుగురైతే అర పుష్కరం. వరదప్పుడు తొమ్మిదిమందిమి, అర పుష్కరం దాటాం. మళ్ళీ పుష్కరాలు 2028లో, ఇప్పటినుంచే చుట్టాలు ఫోన్లో "మీ ఇల్లు ఘాట్లకి దగ్గరే కదమ్మా" అంటున్నారు. దగ్గరేం కాదు.

దుర్గమ్మ కొండ నుంచి రెండే తీసుకున్నాం. మంచానికి అటువైపున్న స్విచ్చు వెయ్యాలంటే చుట్టూ తిరిగి వెళ్ళాలి, అది గిరి ప్రదక్షిణ. దివాన్‌కీ కూలర్‌కీ మధ్య వంకర దారి ఘాట్ రోడ్డు. కూలర్‌కి మాత్రం కొండతో సంబంధం లేని పేరు పడింది, ఇల్లరికం. హాలు మధ్యలో కూర్చుని, బకెట్లకి బకెట్లు నీళ్ళు తాగి, పెద్ద చప్పుడు చేస్తూ, ఎండాకాలం అయిపోయినా కదలని దాన్ని ఇంకేమనాలి? నాలుగు నెలలు కూలరు, ఎనిమిది నెలలు టవళ్ళు ఆరేసుకునే స్టాండు.

భూమి మాటలు కూడా చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకి అవి నేర్పక్కర్లేదు. ఫ్రిజ్ మీద చోటు పోరంబోకు: ఎవరిదీ కాదు, అందరూ పెడతారు, కరెంటు బిల్లులు, హారతి కర్పూరం, సగం వాడిన మాత్రల స్ట్రిప్పులు. డైనింగ్ టేబుల్‌ది కబ్జా కేసు. 2020 మార్చిలో లాక్‌డౌన్ అన్నప్పుడు మా ఆయన లాప్‌టాప్ "ఒక్క రెండు వారాలు" అని దాని మీద పెట్టారు. అది ఇంకా అక్కడే ఉంది, మేం దివాన్ మీద ప్లేట్లు పట్టుకుని తింటున్నాం. ప్రైవేటు స్థలాన్ని అసలు ఓనరు అడ్డు చెప్పకపోతే 12 ఏళ్ళు అనుభవించినవాడు హక్కు అడగొచ్చంటారు కదా, అందుకే నేను నెలకోసారి ఆ లాప్‌టాప్ మూసి పక్కకి జరిపి, "అభ్యంతరం తెలియజేశాను, రాసుకోండి" అంటాను.

లాభం అనుకుని తెచ్చుకుని చోటు పోగొట్టుకున్న దేనికైనా మా మాట "ఇరవయ్యారో కిలో". 2022 జులైలో 25 కిలోల వరకూ ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తర్వాత బజార్లోకి 26 కిలోల బస్తా దిగింది, పన్ను తగలకుండా. మంచిదే. కానీ మా వంటింట్లో ఉన్న బియ్యం డబ్బాకి పట్టేది సరిగ్గా పాతిక. మిగిలిన కిలో ఒక స్టీలు డబ్బాలోకి వెళ్తుంది, ఆ డబ్బాలోని పెసరపప్పు ఇంకో డబ్బాలోకి, దానిలోని బెల్లం ఒక కవర్లోకి, ఆ కవరు పోరంబోకులోకి, అక్కడికి చీమలు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని తెచ్చిన రెండో తుడుపు కర్ర కూడా ఇరవయ్యారో కిలోనే.

నేను చేసిన తప్పు

మాటలు బాగా పేలుతున్నాయి కదా అని ఒకరోజు నేను మా అత్తగారి స్టీలు సామాన్ల అరకి "అత్తయ్య మ్యూజియం" అని పేరు పెట్టాను. పిల్లలు పడి పడి నవ్వారు. ఆవిడ ఏమీ అనలేదు. రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు, "అమ్మాయ్" అని పిలవడం మానేసి పిల్లల చేత కబురు పంపారు.

మూడో రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ అరలోంచి ఒక గిన్నె తీసి నా చేతికిచ్చారు. అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది, మిషన్‌తో కాదు, ఉలితో కొట్టినది. వాళ్ళమ్మగారి పేరు, ఊరి పేరు తెనాలి, తేదీ అరిగిపోయింది. "నా పెళ్ళికి పెట్టింది. అడుగు సొట్ట పోయింది, పాలు కాస్తే అంటుకుంటున్నాయి. అందుకే వాడను. గీమాను కాదు" అన్నారు. ఆ మాట మా అర్థంలో ఆవిడ నోట రావడం అదే మొదటిసారి, అదీ కాదని చెప్పడానికి.

"తప్పయిపోయింది అత్తయ్యా" అన్నాను. ఆ పేరు ఆ రోజే తీసేశాం. అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది: పేరు వస్తువుకి పెట్టొచ్చు, చోటుకి పెట్టొచ్చు, అందరం పడే అవస్థకి పెట్టొచ్చు, ఒక మనిషికి తగిలేలా పెట్టకూడదు. కబ్జా కేసు సంగతేంటని అడుగుతారేమో, అది మా ఆయనే తన మీద తాను వేసుకున్న జోకు, నేను కేసు నడుపుతున్నానంతే. ఒక వస్తువుని గీమానులో వెయ్యాలంటే దాని ఓనరు ఒప్పుకోవాలి. ఓనరెవరో తేలకపోతే అది గీమానే.

ఇంకో రెండు మూడు సంగతులు, చేసి చూసినవాళ్ళకే తెలిసేవి. మాట బాత్రూమ్ తలుపు అవతలికి వినపడేలా ఉండాలి, అంటే సులువుగా నోరు తిరగాలి, నేను పెట్టిన "అర్ధశుష్కవస్త్రసమూహం" (సగం ఆరిన బట్టలు) ఒక్క పూట కూడా బతకలేదు. కొత్త మాట పెట్టాక దాని అర్థం విడమరచి చెప్పకండి, ఊరికే వాడేయండి, రెండుసార్లు విన్నాక వాళ్ళే పట్టుకుంటారు, పట్టుకోలేదంటే మాటలో పస లేదని. రోజుకి ఒకటి చొప్పున చేద్దామని కూర్చోవద్దు, మేం ఒక సెలవుల్లో అలా నోట్‌బుక్ పెట్టుకుని పదిహేడు చేశాం, ఒక్కటీ మిగల్లేదు, ఆ నోట్‌బుక్ ఇప్పుడు గీమానులో ఉంది. వాస్తు మీద మాత్రం జాగ్రత్త. బరువులన్నీ నైరుతిలో ఉండాలని బీరువా, మంచం, బియ్యం బస్తా ఒకే మూలకి చేరితే నేను దానికి "బెంజిసర్కిల్" (మా ఊళ్ళో ఎప్పుడూ రద్దీగా ఉండే కూడలి) అన్నాను, మా ఇంట్లో నడిచింది, మా పిన్నిగారి ఇంట్లో అంటే ఆవిడకి కోపం వచ్చింది.

అతిథుల ముందు వాడొచ్చా అంటే, వాడొచ్చు, అసలు ఉపయోగం అప్పుడే ఎక్కువ. "గిట్టలు తియ్యి" అని మెల్లగా అంటే కుర్చీ ఖాళీ అవుతుంది, వచ్చినవాళ్ళకి ఏమీ తెలియదు. పోయిన దసరాల్లో మూలా నక్షత్రం రోజు అమ్మవారి దర్శనానికి వచ్చినవాళ్ళు ముందు చెప్పకుండా తలుపు కొట్టారు. నేను తలుపు దగ్గర నిలబడి "రండి రండి" అంటూనే వెనక్కి తిరిగి "రెండో హెచ్చరిక" అన్నాను. వాళ్ళు చెప్పులు విప్పేలోపు పెద్దాడు దివాన్ మీదవన్నీ పోగేసి బెడ్‌రూమ్‌లో పడేసి తలుపు మూశాడు. ఆ తలుపు మళ్ళీ తెరవడానికి సాయంత్రం ఇద్దరం పట్టాల్సి వచ్చింది, అది వేరే విషయం.

ఇక మాట నిలబడిందా లేదా అని తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ అడ్డం తిరిగిన మనిషి దాన్ని మామూలుగా, నవ్వించడానికి కాకుండా, పని కోసం వాడాలి. మా ఇంట్లో ఆ మనిషి అత్తగారే. "చక్కటి తెలుగు మాటలుండగా ఈ వెర్రి వేషాలేంటి" అని మూడేళ్ళు అన్నారు. ఈమధ్య తెనాలి నుంచి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేస్తే, "ఇప్పుడు కాదే, మనవరాలి స్నేహితులొచ్చారు, అర పుష్కరం ఉన్నాం, వచ్చేవారం రా" అన్నారు. నేను వంటింట్లోంచి తొంగి చూస్తే మొహం అటు తిప్పుకున్నారు.

పోయిన శుక్రవారం చెత్తకుండీలో వెయ్యడానికి కవరు కావాలని ఆవిడే గివరులో చెయ్యి పెట్టి వెతుకుతున్నారు. అడుగుదాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. బరువైనదేదో పట్టుకుని పైకి లాగారు. రబ్బరు బ్యాండు తీసి, ఒక కవరు విప్పి, దాని లోపలి కవరు విప్పి, ఇంకోటి విప్పి, లోపలున్నది పట్టుకుని హాల్లోకి వచ్చి మా ఆయన లాప్‌టాప్ పక్కన టక్కుమని పెట్టారు.

సుత్తి.

"ఇదిగోరా, గీమాన్లో సామాను దొరికింది" అన్నారు.